లాయర్ల మీద కంప్లైంట్ వినే కమిటీలో లాయర్ కాని మనిషి ఒక్కరైనా ఉండాలా వద్దా?

మెకానిక్_కొడుకు:
అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా నాన్న లారీ యాక్సిడెంట్లో పోయాక అమ్మ పేరు మీద ఎంవీఓపీ, అంటే యాక్సిడెంట్ పరిహారం కేసు వేశాం. ఆరేళ్ళు తిరిగితే అవార్డు వచ్చింది, వడ్డీతో కలిపి పదకొండు లక్షల చిల్లర. డబ్బు బ్యాంకులో పడకముందే లాయరు గారు కోర్టు ఖర్చులకి కావాలమ్మా అని ఖాళీ చెక్కుల మీద అమ్మ చేత సంతకాలు పెట్టించుకున్నారు, తర్వాత పాస్‌బుక్ ఎంట్రీ వేయిస్తే నాలుగున్నర లక్షలు ఆయన ఖాతాలోకి వెళ్ళిపోయి ఉన్నాయి. అడిగితే "ముందే నలభై పర్సెంట్ అనుకున్నాం కదమ్మా" అన్నారు. ఎవరు అనుకున్నారో, ఎప్పుడు అనుకున్నారో మాకు తెలీదు, కాగితం లేదు, రసీదు లేదు.

లాయర్ల మీద చర్య తీసుకునే బార్ కౌన్సిల్‌కి కంప్లైంట్ పెట్టాం. ఏ రాష్ట్రం ఏ ఊరు అనేది రాయను, కేసు ఇంకా నడుస్తోంది. మొన్న హియరింగ్‌కి అమ్మని తీసుకెళ్ళాను. బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు, ముగ్గురూ లాయర్లే. ఇవతల మేం కంప్లైంట్ పెట్టినాయన లాయరు, ఆయన తరఫున వచ్చినాయన ఇంకో లాయరు. కమిటీలో ఒకాయన ఆయన్ని చూసి "అబ్బాయి చదువు అయిపోయిందా" అని పలకరించారు. చెడ్డ ఉద్దేశంతో అన్నారని నేను అనడం లేదు, ఒకే కోర్టులో పాతికేళ్ళు పని చేసినవాళ్ళు ఎదురుపడితే మాట్లాడకుండా ఎలా ఉంటారు. కానీ ఆ ఒక్క మాటకే అమ్మ గొంతు పడిపోయింది, చెప్పాలనుకున్నది చెప్పలేకపోయింది. బస్సెక్కాక నన్ను అడిగింది, "ఆ గదిలో మనలాంటోళ్ళు ఒక్కరూ లేరేంట్రా?" అని. నాకు జవాబు తెలీలేదు.

ఇక్కడ లాయర్లు, తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు కదా. లాయర్ కాని మనిషిని ఆ కమిటీలో పెట్టకూడదని చట్టంలో ఉందా? ఎక్కడైనా పెడుతున్నారా? పెడితే ఏమన్నా మారుతుందా?

నల్లకోటు_1998:
తమ్ముడూ, ముందు మీ అమ్మగారికి జరిగింది తప్పే, అందులో రెండో మాట లేదు. కేసులో వచ్చే డబ్బులో వాటా అడగడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్ ప్రకారం నిషేధం, నలభై కాదు నాలుగు పర్సెంట్ అయినా తప్పే. అంటే ఆయన చెప్పుకుంటున్న సమాధానమే ఆయన మీద సాక్ష్యం, ఆ పాయింటు వదలకండి.

ఇక మీ ప్రశ్న. అడ్వకేట్స్ యాక్ట్ 1961లో సెక్షన్ 9 చూడండి. డిసిప్లినరీ కమిటీలో ముగ్గురు. ఇద్దరిని బార్ కౌన్సిల్ తన సభ్యుల్లోంచి ఎన్నుకుంటుంది, మూడో వ్యక్తిని కౌన్సిల్ బయటి నుంచి తీసుకుంటుంది కానీ ఆయన కూడా పదేళ్ళు పైబడిన అడ్వకేటే అయి ఉండాలి. ముగ్గుర్లో సీనియర్ ఛైర్మన్. అంటే చట్టం మారితే తప్ప బయటి మనిషికి దారి లేదు.

మారాలా అంటే నేను వద్దనే అంటాను, కారణం చెప్తాను. 1961కి ముందు లాయర్ల మీద చర్య తీసుకునే అధికారం హైకోర్టుల చేతిలో ఉండేది, 1926 బార్ కౌన్సిల్స్ యాక్ట్ కింద కూడా చివరి మాట హైకోర్టుదే. బ్రిటిష్ వాళ్ళ కాలంలో సత్యాగ్రహ ప్రతిజ్ఞ మీద సంతకం పెట్టిన లాయర్ల మీద కూడా ఆ అధికారం వాడారు. గాంధీ గారి పేరుని లండన్‌లోని బారిస్టర్ల సంస్థ ఇన్నర్ టెంపుల్ 1922లో కొట్టేసింది, మళ్ళీ చేర్చింది 1988లో. స్వతంత్రం వచ్చాక మన పెద్దలు పోరాడి తెచ్చుకున్నదే ఈ స్వయం పాలన. ప్రభుత్వం మీద కేసు వేసే లాయరు లైసెన్సు ప్రభుత్వం పంపిన మనిషి చేతిలో ఉంటే రేపు మీ భూమి లాక్కున్నప్పుడు మీ తరఫున గట్టిగా నిలబడేది ఎవరు? నాకున్న భయం ఇదే, తోటి లాయర్లని కాపాడుకోవాలని కాదు.

ఆడిట్_బాబాయ్:
నల్లకోటు గారూ, గౌరవంతోనే ఒక మాట. ఇన్నర్ టెంపుల్లో గాంధీ గారి పేరు కొట్టేసింది ఎవరు? ఆ సంస్థ పెద్దలే, అంటే బారిస్టర్లూ జడ్జీలూ. అందులో బయటి మనిషి ఒక్కడూ లేడు. కాబట్టి ఆ ఉదాహరణ మీ వైపు నిలబడదు. ప్రభుత్వానికి భయపడటానికి బయటివాడే అక్కర్లేదు, లోపలివాళ్ళూ భయపడతారు.

నేను సీఏని, హైదరాబాద్‌లో ఇరవై ఆరేళ్ళ ప్రాక్టీసు. మా సంగతి చెప్తాను. 2006 సవరణ తర్వాత మా డిసిప్లినరీ కమిటీలో ఐదుగురు, అందులో ఇద్దరు కేంద్రం నామినేట్ చేసేవాళ్ళు, లా, ఎకనామిక్స్, బిజినెస్, ఫైనాన్స్ లాంటి రంగాల్లో పేరున్నవాళ్ళు. అప్పుడు మావాళ్ళూ ఇదే అన్నారు, మా లెక్కలు బయటివాడికేం తెలుస్తాయి అని. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది, మా ఊళ్ళోనే. ఆ రోజుల్లో నేను సీఏని అని చెప్పుకుంటే ఎదుటివాళ్ళు మొహం తిప్పుకునేవాళ్ళు, మా తప్పు కాకపోయినా. లోపల మేమే చూసుకుంటాం అనే మాటని జనం నమ్మడం మానేశారు. తర్వాత పెద్ద కంపెనీల ఆడిట్ తప్పుల్ని చూసే పని మా ఇన్‌స్టిట్యూట్ చేతిలోంచి చాలావరకు తీసేసి ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ అని 2018లో వేరే సంస్థ పెట్టారు. 2022లో మా చట్టాన్ని మళ్ళీ సవరించి కమిటీకి ప్రిసైడింగ్ ఆఫీసర్ సీఏ కాని వ్యక్తే ఉండాలన్నారు. మేం మొదట్లోనే తలుపు కాస్త తెరిచి ఉంటే తలుపే పీక్కుపోయే పరిస్థితి వచ్చేది కాదని నా గట్టి అభిప్రాయం. లాయర్ మిత్రులకి అదే చెప్తున్నా.

ఓరుగల్లు_రైతు:
నాదొక చిన్న డౌటు అన్నా, టాపిక్ పక్కకు పోతున్నందుకు ఏమనుకోకుండ్రి. మా భూమి కేసు లాయరు ఫీజు బాకీ ఉన్నదని ఫైలు ఇస్తలేడు, వేరే లాయరును పెట్టుకుందమంటే నో అబ్జెక్షన్ రాసిస్తలేడు. గట్ల చేయొచ్చా?

నల్లకోటు_1998:
చేయకూడదు. 2000లో సుప్రీంకోర్టు ఆర్.డి. సక్సేనా కేసులో స్పష్టంగా చెప్పింది, ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు పట్టుకుని కూర్చునే హక్కు లాయరుకి లేదు, అది మిస్‌కాండక్టే. ఫీజు కావాలంటే వేరే దారిలో వసూలు చేసుకోవాలి. ముందు రిజిస్టర్డ్ పోస్టులో ఒక లెటర్ పంపండి, రసీదు దాచుకోండి. నో అబ్జెక్షన్ ఇవ్వకపోతే కోర్టు పర్మిషన్ అడిగి వకాల్తా మార్చుకోవచ్చు.

ఓరుగల్లు_రైతు:
మంచిగ చెప్పిన్రు సార్. మూడు నెలల సంది తిరుగుతున్న, ఇది ఒక్కలు గూడ చెప్పలే.

పిల్లల_బోర్డు_అక్క:
మెకానిక్ తమ్ముడూ, మీ అమ్మగారి మాట చదివాక నాకు రాయకుండా ఉండబుద్ధి కాలేదు. లాయరు కాని మనిషి బల్లకి అటువైపు కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఎందుకంటే నేను కూర్చున్నాను. నేరం కేసుల్లో పట్టుబడ్డ పిల్లల విచారణ చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులో మూడేళ్ళు సోషల్ వర్కర్ మెంబరుగా చేశాను. చట్టం ప్రకారం అక్కడ ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సోషల్ వర్కర్లు, ఆ ఇద్దర్లో ఒక్కరైనా ఆడవాళ్ళు ఉండాలి. అభిప్రాయ భేదం వస్తే మెజారిటీ మాట చెల్లుతుంది. అంటే లాయర్ కాని మనుషులకి లీగల్ విషయం అప్పజెప్పడం మన దేశంలో కొత్త కాదు, అదీ పిల్లల జీవితాల విషయంలో. లోక్ అదాలత్ బెంచిల్లో కూడా సోషల్ వర్కర్లు కూర్చుంటున్నారు కదా, కన్జ్యూమర్ కమిషన్‌లో కూడా లాయర్లు కాని మెంబర్లు ఉంటారు.

నిజం చెప్తాను, మొదటి ఆరు నెలలు నేను సంతకం పెట్టే మనిషినే. ఫైలు ముందు రోజు ఇచ్చేవాళ్ళు కాదు, వచ్చాక చేతిలో పెట్టేవాళ్ళు, సెక్షన్ల నంబర్లు చదువుతుంటే నాకు చెమటలు. ఒకరోజు పధ్నాలుగేళ్ళ పిల్లాడు, సెల్‌ఫోన్ దొంగతనం. కాగితాల్లో అన్నీ ఉన్నాయి, ఎఫ్ఐఆర్ ఉంది, ఒప్పుకున్నట్టు రాసి ఉంది. నేను వాడి కాళ్ళు చూశాను, చెప్పుల్లేవు, మడమలు పగిలిపోయి ఉన్నాయి. "ఎక్కడ పడుకుంటున్నావు నాన్నా" అని అడిగాను. గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు, ఎందుకంటే ఆ ప్రశ్న ఏ కాగితంలోనూ లేదు. వాడు ఏడుస్తూ చెప్పింది విన్నాక కేసు దారే మారిపోయింది. మా మెజిస్ట్రేటు మేడం మంచావిడ, తర్వాత నుంచి ఫైళ్ళు నాకు రెండు రోజుల ముందు పంపించే ఏర్పాటు ఆవిడే చేశారు.

కాబట్టి మారుతుందా అంటే మారుతుంది. లాయర్లకి రాని తెలివి మనకి ఉందని కాదు. వాళ్ళకి అలవాటైపోయిన విషయం మనకి అలవాటు కాలేదు కాబట్టి కంటికి ఆనుతుంది. ఖాళీ చెక్కు మీద సంతకం తీసుకోవడం కోర్టు వరండాలో రోజూ చూసేవాళ్ళకి ఒక రకంగా కనిపిస్తుంది, నాలాంటి మనిషి మాత్రం "చదువురాని ఆవిడ దగ్గర ఖాళీ చెక్కు మీద సంతకం ఎందుకు తీసుకున్నారండీ" అని మొదటి నిమిషంలోనే అడుగుతుంది.

కానీ ఒట్టి కుర్చీ వేస్తే మాత్రం ఏమీ మారదు. ట్రైనింగ్ ఉండాలి, కాగితాలు ముందు ఇవ్వాలి, ఆర్డర్‌లో ఆ మనిషి అభిప్రాయం వేరైతే అది కూడా రాయాలి. లేకపోతే బొమ్మని తెచ్చి కూర్చోబెట్టినట్టే.

జూనియర్_మూడో_ఏడు:
అక్కా మీ పోస్టు రెండుసార్లు చదివాను.

నేను అడ్వకేట్‌ని, మూడో సంవత్సరం. నల్లకోటు సార్ చెప్పిన స్వయం పాలన మా అందరికీ కాలేజీలో గర్వంగా నేర్పారు, ఇప్పటికీ గర్వమే. కానీ ఇంకో కోణం చెప్పాలి. ఇక్కడ అందరూ క్లయింటు వైపు నుంచే మాట్లాడుతున్నారు, కంప్లైంట్ ఇవ్వాలనుకునే జూనియర్ సంగతి ఎవరూ అనుకోరు. ఒక సీనియర్ ఆఫీసులో నేను పని చేసినప్పుడు నా సంతకం నాకు తెలీకుండా ఒక మెమో మీద పెట్టారు. కంప్లైంట్ ఇద్దామని అనుకున్నాను. ఎవరికి ఇవ్వాలి? కమిటీలో కూర్చునేది ఎన్నికల్లో గెలిచిన వాళ్ళు, ఆ ఎన్నికల్లో ఓట్లు వేసేది మేమే, వేయించేది సీనియర్లు. నేను కంప్లైంట్ ఇచ్చే మనిషి చేతిలో రెండు వందల ఓట్లు ఉంటే నా చేతిలో ఒక్కటే ఉంది. కమిటీ వాళ్ళు నిజాయితీగానే తీర్పు ఇస్తారేమో, కానీ ఇస్తారనే ధైర్యం నాకు రాలేదు. ఇవ్వలేదు. ఆఫీసు మారిపోయాను.

ఓట్లతో సంబంధం లేని మనిషి ఒక్కరు అక్కడ ఉన్నారని తెలిసి ఉంటే ఇచ్చేదాన్ని.

నల్లకోటు_1998:
అమ్మా, నీ మాటకి నా దగ్గర ఎదురు మాట లేదు. ఓట్ల విషయం నిజం, నేను కూడా రెండుసార్లు ప్రచారం చేసినవాణ్ణే.

కానీ లాయర్లు లాయర్లని శిక్షించరు అనేది మాత్రం పూర్తిగా నిజం కాదని రికార్డు కోసం చెప్తాను. ధబోల్కర్ కేసు చూడండి, బొంబాయి ఎస్‌ప్లనేడ్ కోర్టు దగ్గర క్లయింట్ల మీద పడి కాగితాలు లాక్కునే లాయర్లని మహారాష్ట్ర కమిటీ మూడేళ్ళు సస్పెండ్ చేసింది, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కమిటీ కొట్టేస్తే, సాక్షాత్తు మహారాష్ట్ర బార్ కౌన్సిలే సుప్రీంకోర్టుకి వెళ్ళింది. అలా అప్పీలు వేసే హక్కు బార్ కౌన్సిల్‌కి ఉందని 1975లో ఏడుగురు జడ్జీల బెంచి చెప్పింది. ఇంకొకటి రంగదురై కేసు, 1979. చెవులు వినపడని ముసలాయన్నీ ఆయన భార్యనీ ప్రామిసరీ నోట్ల విషయంలో మోసం చేసిన మద్రాసు లాయరు. రాష్ట్ర కమిటీ ఆరేళ్ళు సస్పెండ్ చేసింది.

రిటైర్డ్_బెంచ్_క్లర్కు:
నల్లకోటు గారూ, ఆ రంగదురై కేసులో ఆరేళ్ళని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక్క ఏడాదికి తగ్గించింది, అది కూడా చెప్పాలి కదండీ. చెవుడు ముసలాయన డబ్బు పోతే ఒక్క ఏడాది. సుప్రీంకోర్టులో కృష్ణయ్యర్ గారు ఆ లాయరు చేత పేదవాళ్ళకి ఉచితంగా పని చేయించాలని ఒక కొత్త పద్ధతి పెట్టారు, అది వేరే సంగతి, మంచి ఆలోచనే.

నా సర్వీసు ముప్ఫై మూడేళ్ళు, అంతా జిల్లా కోర్టుల్లో. మంచి లాయర్లని వందల మందిని చూశాను, పార్టీ దగ్గర చార్జీలకి డబ్బుల్లేకపోతే జేబులోంచి తీసి ఇచ్చినవాళ్ళని చూశాను. బాధేంటంటే చెడ్డ పని చేసే పది మంది వల్ల మాట పడేది వాళ్ళే. నిజానికి ఈ మార్పు ముందు మంచి లాయర్లే అడగాలి.

ఇంకో సంగతి, టైము. సెక్షన్ 36బి అని ఉంది, కంప్లైంట్ వచ్చిన ఏడాది లోపల రాష్ట్ర కమిటీ తేల్చకపోతే కేసు దానంతట అదే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి వెళ్ళిపోతుంది. చదవడానికి బాగుంది. పేదవాళ్ళకి దానర్థం ఏంటంటే మొన్నటిదాకా రాష్ట్రంలో తిరిగిన కేసు ఇప్పుడు ఢిల్లీ పోయింది అని. అక్కడ కూడా పేరుకుపోతుంటే 2021 డిసెంబర్లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది, బదిలీ అయిన కంప్లైంట్లు ఏడాదిలో తేల్చాలని, విచారణకి అనుభవం ఉన్న లాయర్లనీ రిటైర్డ్ జ్యుడీషియల్ ఆఫీసర్లనీ వాడుకోవచ్చని. కమిటీ మెంబర్లకి సొంత ప్రాక్టీసు ఉంటుంది, కోర్టు రోజుల్లో కూర్చోలేరు, కోరం ఉండదు, వాయిదా. బయటి మెంబరు వస్తే కనీసం ఒకరైనా టైముకి వస్తారని నా ఆశ.

మెకానిక్_కొడుకు:
క్లర్కు గారూ మాది కంప్లైంట్ ఇచ్చి పదినెలలు అయింది. ఢిల్లీ వెళ్ళిపోతుందంటే భయమేస్తోంది. అమ్మ అంత దూరం రాలేదు.

ఆడిట్_బాబాయ్:
కన్జ్యూమర్ ఫోరంకి వెళ్దామన్నా కుదరదు, గమనించారా. డాక్టర్లు 1995 నుంచి వినియోగదారుల చట్టం కిందకి వస్తారు, లాయర్లు రారని 2024 మే 14న సుప్రీంకోర్టు చెప్పేసింది. లాయరు పని వేరు, క్లయింటుతో సంబంధం వేరు అని కారణాలు చెప్పారు, వాటిలో కొన్ని సబబే. కానీ ఫలితం ఏంటి? సివిల్ దావానో క్రిమినల్ కేసో వేయాలంటే మళ్ళీ ఇంకో లాయరు, మళ్ళీ పదేళ్ళు. మామూలు మనిషికి మిగిలిన తలుపు బార్ కౌన్సిల్ ఒక్కటే. ఒక్క తలుపే ఉన్నప్పుడు ఆ తలుపు వెనక ఎవరున్నారు అని జనం అడుగుతారు, అడగాలి కూడా.

డబ్లిన్_సీమబిడ్డ:
అన్నయ్యలూ నేను కడప పిల్లని, ఐర్లాండ్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నా. ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు సొలిసిటర్‌తో, అంటే కాగితాల పని చూసే లాయరుతో ఇబ్బంది పడి ఈ సిస్టం గురించి చదివినా, అందుకే రాస్తున్నా. ఇక్కడ కూడా ఇదివరకు లాయర్ల సంఘాలే కంప్లైంట్లు చూసుకునేవి. 2015లో చట్టం తెచ్చి వేరే అథారిటీ పెట్టినారు, 2019 అక్టోబర్ 7 నుంచి కంప్లైంట్లన్నీ దానికే. డిసిప్లినరీ ట్రిబ్యునల్ వేరే ఉంటుంది, 33 మంది, అందులో 21 మంది లే పర్సన్స్, అంటే లాయర్లు కానివాళ్ళు. మిగతా పన్నెండులో సొలిసిటర్లు ఆరు, కోర్టులో వాదించే బారిస్టర్లు ఆరు. ఏ కేసు విన్నా ఆ బెంచిలో బయటివాళ్ళదే మెజారిటీ. అట్లని లాయర్ల గొంతు కోసేయలేదు, లైసెన్సు తీసేయాలి అనేంత పెద్ద శిక్ష అయితే ట్రిబ్యునల్ సొంతంగా వేయలేదు, హైకోర్టుకి పోవాల. నాకు నచ్చింది అదే. విచారణలో జనం, చివరి కత్తి జడ్జి చేతిలో. పక్కన ఇంగ్లాండ్‌లో సొలిసిటర్ల ట్రిబ్యునల్ వేరే, అక్కడ మామూలుగా ముగ్గురు కూర్చుంటారు, ఇద్దరు సొలిసిటర్లు, ఒక లే మెంబర్.

నా కేసులో అంత దూరం పోలేదు, మధ్యలోనే సొలిసిటర్ ఫీజు వెనక్కిచ్చినాడు. నేను ఆ లెటర్ రాసేటప్పుడు నాకు భయం లేదు, అది చెప్పాలనే ఇదంతా రాసినా.

డల్లాస్_తెలుగు:
టెక్సాస్‌లో మూడింట ఒక వంతు రూల్. జిల్లా గ్రీవెన్స్ కమిటీల్లో రెండొంతులు లాయర్లు, ఒక వంతు పబ్లిక్ మెంబర్లు, కేసు వినే ప్యానెల్లో కూడా అదే లెక్క. పబ్లిక్ మెంబరు అయ్యే మనిషికి క్లయింటుగా తప్ప లా ప్రాక్టీసులో ఏ రకమైన డబ్బు సంబంధం ఉండకూడదు. ఈ షరతు మన దగ్గర పెట్టకపోతే లాయరు బావమరిది "సామాన్య పౌరుడు" కోటాలో వచ్చేస్తాడు, రాసిపెట్టుకోండి.

నల్లకోటు_1998:
రాత్రంతా ఆలోచించాను, నిజంగానే. కాస్త సర్దుకుని రాస్తున్నాను.

ఈ ఆలోచన మన దేశంలో రాలేదని కాదు. 2016లో మహిపాల్ సింగ్ రాణా కేసులో, యూపీలో ఒక లాయరు జడ్జినే బెదిరించిన కేసు అది, లాయర్ల నియంత్రణ ఎలా ఉండాలో మళ్ళీ చూడమని సుప్రీంకోర్టు, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్‌ని అడిగింది. 2017 మార్చిలో జస్టిస్ బి.ఎస్. చౌహాన్ ఆధ్వర్యంలో లా కమిషన్ 266వ రిపోర్టు ఇచ్చింది, అందులో డిసిప్లినరీ కమిటీల్లో లాయర్లు కాని వాళ్ళని పెట్టాలని ఉంది. అదే రిపోర్టులో సమ్మెల మీద ఆంక్షలు, లాయర్లు కట్టాల్సిన నష్టపరిహారాలు కూడా కలిపారు. మార్చి 31న దేశమంతా కోర్టులు బహిష్కరించాం, నేనూ బయటే ఉన్నాను. 2025 ఫిబ్రవరి 13న కేంద్రం అడ్వకేట్స్ యాక్ట్ సవరణకి ఇంకో డ్రాఫ్టు పెట్టింది, అందులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలోకి ప్రభుత్వం ముగ్గురిని నామినేట్ చేస్తుందని, కోర్టుల బహిష్కరణ నిషేధమని ఉంది. మళ్ళీ రోడ్డెక్కాం, ఫిబ్రవరి 22కల్లా వెనక్కి తీసుకున్నారు.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే నాకు అనిపిస్తోంది, మేం వ్యతిరేకించింది ప్రభుత్వం చెయ్యి దూరడాన్ని, సమ్మె హక్కు పోవడాన్ని. మెకానిక్ తమ్ముడి అమ్మగారి లాంటి ఆవిడ కోసం బల్లకి అటువైపు ఒక మనిషి ఉండాలన్న మాటని మేం విడిగా చర్చించనే లేదు, ఒక్క బార్ మీటింగ్‌లో కూడా. రెండుసార్లూ అది మిగతా వాటితో కలిసి మంటల్లో పోయింది.

కాబట్టి నా మాట మార్చుకుంటున్నాను, షరతులతో. బయటి మనిషి ఉండొచ్చు. ప్రభుత్వం వేసిన మనిషి అయితే మాత్రం ఒప్పుకోను, రిటైర్డ్ కలెక్టర్లకి ఇంకో కుర్చీ అయితే అసలు ఒప్పుకోను. సమాచార కమిషన్లు చూడండి, తెలంగాణలో 2023 నుంచి చాలాకాలం ఒక్క కమిషనర్ కూడా లేకుండా ఖాళీగా ఉంచేశారు. ప్రభుత్వం చేతిలో పెడితే ఇష్టమైనవాళ్ళని వేస్తారు లేదంటే ఎవర్నీ వేయకుండా వదిలేస్తారు, అప్పుడు కోరం లేదని కేసులన్నీ ఆగిపోతాయి.

ఆడిట్_బాబాయ్:
ఇది న్యాయమైన మాట. మా 2022 సవరణలో ఒక పద్ధతి ఉంది, పేర్ల ప్యానెల్ మా కౌన్సిల్ ఇవ్వాలి, అందులోంచి కేంద్రం తీసుకోవాలి. మీకైతే కేంద్రం బదులు హైకోర్టు అనుకోండి.

జూనియర్_మూడో_ఏడు:
ప్యానెల్ బార్ కౌన్సిల్ ఇస్తే మళ్ళీ అదే ఓట్ల వాళ్ళు ఏరిన పేర్లే వస్తాయి సార్. పేపర్లో ప్రకటన ఇచ్చి, ఎవరైనా అప్లై చేసుకునేలా పెట్టి, హైకోర్టు కమిటీ ఇంటర్వ్యూ చేసి ఏరాలి. టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, స్వయం సహాయక సంఘాల్లో లెక్కలు రాసిన ఆడవాళ్ళు, వీళ్ళందరూ పనికొస్తారు. ఒక్కసారే, మూడేళ్ళు, రెండోసారి లేకుండా. మళ్ళీ వేయించుకోవాలనే ఆశ ఉంటే నోరు లేవదు.

పిల్లల_బోర్డు_అక్క:
డ్వాక్రా లెక్కలు రాసిన ఆవిడ అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది అమ్మాయీ. ఖాళీ చెక్కు అంటే ఏంటో, దాని మీద సంతకం పెట్టించుకోవడం అంటే ఏంటో ఆవిడకి చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు.

ఒక్కటి కలపండి. సిట్టింగ్ ఫీజు, ప్రయాణం ఖర్చు టైముకి ఇవ్వాలి. మా బోర్డులో గౌరవ వేతనం నెలల తరబడి వచ్చేది కాదు, ఉద్యోగం లేని మెంబరు ఒకావిడ బస్సు చార్జీలు లేక రావడం మానేసింది. పేదవాళ్ళు రాకూడదనుకుంటే అంతకంటే సులువైన దారి లేదు.

ఓరుగల్లు_రైతు:
మరి భాష సంగతేంది? నేను పోయిన కాడ అంత ఇంగ్లీషులనే మాట్లాడిన్రు, ఆర్డర్ గూడ ఇంగ్లీషే. బయటి మనిషి ఉంటే తెలుగుల నడవాలె కదా. గదొక్కటి జరిగినా మాకు సగం గెలిచినట్టే.

రిటైర్డ్_బెంచ్_క్లర్కు:
రైతు గారు అసలైన మాట పట్టుకున్నారు. వాంగ్మూలం తెలుగులో చెప్తే ఇంగ్లీషులోకి మార్చి టైపు చేసేటప్పుడు ఎంత పోతుందో నా చేత్తో టైపు చేసినవాణ్ణి, నాకు తెలుసు. "నమ్మి ఇచ్చాను" అని పార్టీ అంటే "ఇచ్చాను" అని మాత్రమే పడుతుంది. ఆ నమ్మి అన్న ముక్కలోనే కేసంతా ఉంటుంది.

మెకానిక్_కొడుకు:
అందరికీ దణ్ణం. ఇన్ని విషయాలు తెలుస్తాయనుకోలేదు. చట్టం ఎప్పటికి మారుతుందో గానీ మా వాయిదా వచ్చే నెల పంతొమ్మిదిన. అప్పటికి కమిటీలో ఆ ముగ్గురే ఉంటారు. అమ్మ మళ్ళీ గొంతు పడిపోకుండా ఏం చెయ్యాలి? ఆ పలకరించినాయన గురించి ఏమన్నా అనొచ్చా, అంటే కోపం వస్తుందా?

నల్లకోటు_1998:
అనొచ్చు, మర్యాదగా, రాతపూర్వకంగా. "ఎదుటి పార్టీతో మీకు పరిచయం ఉన్నట్టు కనిపించింది, దయచేసి ఆ విషయం రికార్డులో పెట్టండి, కుదిరితే వేరే కమిటీకి పంపండి" అని ఒక చిన్న పిటిషన్. బార్ కౌన్సిల్ ఒకటికంటే ఎక్కువ కమిటీలు పెట్టుకోవచ్చు, సెక్షన్ 9లోనే ఉంది. కోపం వస్తే రానీ, కాగితం మీద ఉంటే అప్పీల్లో పనికొస్తుంది. ఆర్డర్ వచ్చాక అప్పీలుకి అరవై రోజులు ఉంటుంది, తేదీ మర్చిపోకండి. పిటిషన్ నేను రాసిస్తాను, మెసేజ్ పెట్టు, ఫీజు మాట ఎత్తకు.

రిటైర్డ్_బెంచ్_క్లర్కు:
పాస్‌బుక్ జిరాక్సు ఇవ్వకు బాబూ, బ్యాంకు నుంచి సీలు వేసిన స్టేట్‌మెంట్ తీసుకో, ఆ చెక్కుల కాపీలు కూడా బ్యాంకునే అడుగు. సంతకం అమ్మది, మిగతా అంకెలు ఎవరి చేతిరాతో కంటికే తెలిసిపోతుంది.

పిల్లల_బోర్డు_అక్క:
అమ్మ చెప్పాలనుకున్నది అమ్మ మాటల్లోనే ఒక పేజీ రాయి, తెలుగులో. దిద్దకు. నలుగురి ముందు చదవలేకపోతే ఆ కాగితమే ఇవ్వనీ, రికార్డులో పెట్టమని అడగండి. ముందు రోజు సాయంత్రం నాకు ఫోన్ చేయించు, నేను ఆవిడతో మాట్లాడతాను.

మెకానిక్_కొడుకు:
అమ్మ పక్కనే ఉంది అక్కా, మీ పోస్టులన్నీ చదివి వినిపించాను. కాగితం ఇప్పుడే మొదలుపెడదాం అంటోంది. మొదటి లైను తనే చెప్పింది, "అయ్యా, నేను నమ్మి ఇచ్చాను" అని.